రానివి రాసిన కార్డులు

మా బడి ఏదో చెప్పను. హిందూపురంలో ఉండేది, ఆడపిల్లల బడి. అంతవరకు చాలు. మా లెక్కల సారు ఇప్పుడు ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో నాకు తెలియదు. కనుక్కోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. వయసు మీద పడేకొద్దీ కోపాలు వాటంతటవే చల్లారిపోతాయంటారు. నా కోపాలు చాలా వరకు అట్లాగే పోయాయి. ఈ ఒక్కటి పోలేదు, పోవాలని నేను కోరుకోవడమూ లేదు.

డెబ్బైల చివరి మాట ఇది. మా నాయన పోస్ట్‌మ్యాన్. నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడే ఆ సారు మా బడికి బదిలీ అయి వచ్చాడు. అంతకు ముందున్న లెక్కల సారు బెత్తం లేకుండా క్లాసులోకి అడుగు పెట్టేవాడు కాదు. ఈయన బెత్తం ముట్టలేదు. బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ మధ్యలో కావాలనే ఒక తప్పు చేసి, వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవరైనా పట్టుకుంటారా అని. నేను పట్టుకునేదాన్ని. "చూడండి, ఈ పిల్ల కన్ను తప్పించుకోలేను నేను" అనేవాడు అందరి ముందూ. ఆ ఒక్క మాట కోసం నేను రాత్రింబగళ్ళు లెక్కలు చేసేదాన్ని. నెల తిరగకముందే మా తరగతి మొత్తం ఆయన్ని నెత్తిన పెట్టుకుంది, అందరికంటే ఎక్కువగా నేను.

జులైలో ఆయన జతల పద్ధతి మొదలుపెట్టాడు. తొమ్మిదో తరగతిలో లెక్కలు తప్పి, ఎట్లాగో గట్టెక్కి పైకి వచ్చిన పిల్లలు మా తరగతిలో పద్నాలుగు మంది. బాగా చదివే పద్నాలుగు మందిని ఎంచి, ఒక్కొక్కరికి ఒక్కో పిల్లను అప్పజెప్పాడు. సాయంత్రం బడి వదిలాక గంటసేపు ఇద్దరూ వరండాలో కూర్చోవాలి. తెలిసిన పిల్ల తెలియని పిల్లకు చెప్పాలి. ఇప్పుడు ఇట్లాంటి వాటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి, శిక్షణలున్నాయి. అప్పట్లో మా చుట్టుపక్కల ఎవరూ వినని సంగతి అది. పెద్ద టీచరమ్మ కూడా ప్రార్థన సమయంలో ఆయన్ని మెచ్చుకుంది.

ఆ పద్ధతిలో అసలు సంగతి కార్డు. పాత జవాబు పత్రాల అట్టలను సారే పోస్టుకార్డు కొలతకు కత్తిరించి మాకు పంచేవాడు. మధ్యలో నిలువుగా గీత. ఎడమ పక్క 'వచ్చినవి', కుడి పక్క 'రానివి'. జతలోని తెలిసిన పిల్ల వారం వారం ఆ కార్డు నింపి శనివారం సారు చేతికి ఇవ్వాలి. వరుసగా రెండు వారాలు కుడి పక్క ఖాళీగా ఉంటే ఆ జత విడిపోతుంది. నేర్చుకున్న పిల్ల బడి వదలగానే ఇంటికి పోవచ్చు, నేర్పిన పిల్లకు ఇంకొకరిని అప్పజెబుతారు.

"ఏదీ దాచొద్దు. డాక్టరు దగ్గర రోగం దాస్తారా ఎవురన్నా?" అన్నాడు సారు మొదటి రోజు. "రానిది రాదని రాయండి. కార్డులు చూసి దీపావళి అయినాక స్పెషల్ క్లాసులు పెడతా. ఎవురికి ఏది రాదో వాళ్ళకు అదే చెప్తా. రాలేదని ఎవురినీ ఏమీ అనను. ఇది నా మాట."

ఆ మాటను మేం పద్నాలుగు మందిమీ నమ్మాం. అందులో అనుమానించడానికి ఏముంది చెప్పండి?

నా జతగా వచ్చిన పిల్ల మా వీధి పిల్లే. వాళ్ళ నాయనది పరుపులు, దిండ్లు కుట్టే అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. ఇంట్లో ఎక్కడ చేయి పెట్టినా దూది. ఆమె జడలో కూడా ఎప్పుడూ ఒక తెల్లటి పోగు ఉండేది, నేను తీసేస్తూ ఉండేదాన్ని. ఆమె వెనక నలుగురు చిన్నపిల్లలు. బడి నుంచి ఇంట్లో కాలు పెట్టిందంటే మళ్ళీ పడుకునేదాకా ఆమెకు కూర్చునే తీరిక లేదు. పాత పరుపుల దూది విప్పడం, దుమ్ము దులపడం, పిల్లలకు నీళ్ళు పోయడం, అన్నీ ఆమే.

వాళ్ళ నాయన మంచివాడే. ఆ ఏడు మొదట్లోనే ఆయన బిడ్డకు ఒక మాట చెప్పాడు. పది పాసైతే నర్సు ట్రైనింగుకు పంపుతాడు. తప్పితే ధర్మవరంలో మేనత్త ఇంటికి పంపేస్తాడు. మేనత్త వాళ్ళకు పట్టుమగ్గాలున్నాయి, పని చేసే చేతులు కావాలి. ఆమె పదో తరగతి ఎట్లయితే బతుకు అట్లని తేలిపోయింది. నర్సు కావాలని ఆమెకు ఎంత ఆశో నాకు తెలుసు. పెద్దాసుపత్రిలో తెల్లచీర కట్టుకున్న నర్సమ్మ ఎదురుపడితే వెనక్కి తిరిగి మరీ చూసేది.

"లెక్కలొక్కటి గట్టెక్కిస్తే చాలు మే. మిగతావి నేను ఎట్లో పాసైతా" అంది నాతో.

"గట్టెక్కిస్తా పో" అన్నాను. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఒక మనిషి బతుకును గట్టెక్కిస్తానని మాట ఇవ్వడం ఎంత తేలికో ఆ వయసులో.

మొదట్లో ఆమెకు నిజంగానే ఏమీ వచ్చేది కాదు. భిన్నాలు కూడా తడబడేది. ఓపికగా చెప్పాను. ఓపికగా అన్నానా? అబద్ధం. విసుక్కుంటూ చెప్పాను. ఒకటే లెక్క నాలుగోసారి అడిగితే పెన్సిలు విసిరేసేదాన్ని. ఆమె పోయి ఆ పెన్సిలు ఏరుకొచ్చి, మొన చూసి, మళ్ళీ నా చేతిలో పెట్టి, "ఈసారి మెల్లగా చెప్పు" అనేది. కోపం తెచ్చుకోవడం ఆ పిల్లకు చేతకాదు. ఆమె వంతు కోపం కూడా నేనే తెచ్చుకునేదాన్ని.

దసరా ముందు జరిగిన క్వార్టర్లీ పరీక్షలో ఆమెకు లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చాయి. ఇంకొక్క నాలుగు మార్కులుంటే పాసు. ఎగిరి గంతేశాను. అప్పటికి మా తరగతిలో రెండు జతలు విడిపోయాయి కూడా. దసరా సెలవుల తర్వాత మా జత కూడా విడిపోతుందేమో అనుకున్నాను. కానీ అక్కడే ఆగిపోయింది బండి. ఏది అడిగినా "రాదు మే" అనేది. ఒక్కోసారి నేను వచ్చేసరికి నోట్సులో పెన్సిలుతో ఏదో సగం రాసుకుని ఉండేది, నన్ను చూడగానే రబ్బరుతో చెరిపేసేది. "తప్పు చేసినాలే" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఆ మంటంతా శనివారం కార్డు మీద కక్కేదాన్ని.

నా కార్డులంటే సారుకు ఇష్టం. మిగతా పిల్లలు కుడి పక్క "సమీకరణాలు రావు" అని ఒక్క ముక్క రాసి ఇచ్చేవాళ్ళు. నేను గడి పట్టనంత రాసేదాన్ని. ఎక్కడ తప్పుతోంది, ఎందుకు తప్పుతోంది, ఎంతసేపటికి మరిచిపోతోంది, అన్నీ. గుండ్రటి అక్షరాలతో, కొట్టివేత లేకుండా. "కార్డంటే ఇదమ్మా. నువ్వు అబద్ధం రాయవు" అన్నాడాయన ఒకసారి స్టాఫ్ రూములో, మిగతా టీచర్ల ముందు. ఆ సాయంత్రం ఇంటికి నడిచొచ్చానో ఎగిరొచ్చానో నాకే తెలియదు.

ఆమెకు కూడా కార్డు చూపించే ఇచ్చేదాన్ని. దొంగతనంగా రాయలేదు, ఆ మాట గట్టిగా చెప్పగలను. ఆమె చదివి, "అబ్బ, ఎంత బాగా రాస్తావు మే" అనేది. "త్రికోణమితి కూడా రాదని రాయి. సారు స్పెషల్ క్లాసులో చెప్తాడు కదా" అని గుర్తు చేసేది. రాసేదాన్ని.

దీపావళి వచ్చింది, పోయింది. స్పెషల్ క్లాసులు రాలేదు. అడిగితే "వచ్చే వారం" అన్నాడు సారు. ఆ వచ్చే వారంలోనే ఒకరోజు పెద్ద టీచరమ్మ కొందరు పిల్లల నాయనలను, అమ్మలను బడికి పిలిపించి ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది. పదో తరగతి కాబట్టి పరీక్ష కాగితాలు అనుకున్నాం అందరమూ.

ఆ తర్వాతి సోమవారం పొద్దున సారు హాజరు పిలుస్తున్నాడు. నా జత పిల్ల పేరుకు ముందున్న పేరు పిలిచాడు, తర్వాతి పేరు పిలిచాడు. మధ్యలో ఆమె పేరు లేదు. ఆమె లేచి నిలబడి, "సార్, నాది పిలవలేదు" అంది. ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తలేదు. "నువ్వు ఆఫీసు రూములోకి పోమ్మా" అన్నాడు. ఇంకో ముగ్గురిని కూడా అట్లాగే పంపాడు. ఏమయిందో అర్థం కాకపోయినా, ఏదో అయిందని నాకు తెలిసిపోయింది.

మధ్యాహ్నానికి బడంతా తెలిసింది. ఆ ఏడు మా బడికి నూటికి నూరు శాతం పాసు కావాలట. తప్పుతారనుకున్న పిల్లలకు టీసీలు ఇచ్చేశారు. ఇంట్లో చదువుకుని తర్వాత ఎప్పుడైనా ప్రైవేటుగా కట్టుకోవచ్చట. క్వార్టర్లీలో మరీ తక్కువ వచ్చినవాళ్ళ సంగతి మార్కులే తేల్చాయి. పాసుకు దగ్గరగా వచ్చినవాళ్ళను ఉంచాలా తీసేయాలా అన్న దగ్గర మాత్రం కార్డులు తీసి చూశారు. కుడి పక్క ఖాళీగా ఉంటే ఉంచారు. నిండుగా ఉంటే తీసేశారు. మిగతా పిల్లల కార్డుల్లో ఒక్కో ముక్క ఉన్నచోట, నా కార్డుల్లో గడి నిండా ఉంది.

ఏడుస్తూ స్టాఫ్ రూములోకి పోయాను. సారు ఒక్కడే కూర్చుని దిద్దుకుంటున్నాడు.

"స్పెషల్ క్లాసులకని చెప్పినారు కదా సార్ కార్డులు?"

"అనుకున్నా. టైము దొరకలేదు."

"రాలేదని ఎవురినీ ఏమీ అననని మాట ఇచ్చినారు సార్."

"నేనేమన్నా? ఒక్క మాటన్నా అంటినా ఆ పిల్లని?" అన్నాడు. నిజమే, ఏమీ అనలేదు. పేరు తీసేశాడు, అంతే. తర్వాత గొంతు తగ్గించి, నన్ను ఓదారుస్తున్నట్టుగా, "నిన్ను ఎందుకు నమ్మినానో తెలుసా? ఉన్నది ఉన్నట్ల రాస్తావని. నువ్వు రాసిందాన్ని బట్టే కదమ్మా నేను పోవాల్సింది" అన్నాడు.

అంటే నేను చేసినట్టు. ఆయన చేతికి మట్టి అంటలేదు. అంతకాలమూ నేను ఆయన దగ్గర చదువు నేర్చుకుంటున్నానని అనుకున్నాను, ఆయన నాతో పని చేయించుకున్నాడు. జులైలో కార్డులు పంచిన రోజే దీనికోసం పంచాడా, లేక మధ్యలో బుద్ధి పుట్టిందా అన్నది ఈ రోజు వరకు నాకు తెలియదు. ఏదైనా ఒకటే. నమ్మించి గొంతు కోశాడు, అది కూడా నా చేత్తో.

ఇంటికి పోయి నాయనతో చెప్పాను. మా నాయన నెమ్మదస్తుడు, అయినా అర్జీలు రాయడంలో చేయి తిరిగినవాడు. ఆమె నాయనను పిలిపించాడు.

"ఏమప్పా, టీసీ కావాలని నువ్వే సంతకం పెట్టినావంట?"

"నాకేం తెలుసు పోస్టన్నా," అన్నాడాయన. "పరీక్ష కాగితం, ఈడ సంతకం పెట్టు అన్నారు. పెడితి. నాకు సంతకమే కదా వచ్చేది, సదవను రాదు కదా."

నాయన అర్జీ రాసి పెనుకొండకు పంపాడు. మా బడుల మీద పై ఆఫీసరు అప్పట్లో అక్కడ కూర్చునేవాడు. వారం పది రోజులకు విచారణకు రమ్మని జవాబు వచ్చింది. నేను, నాయన, ఆమె, ఆమె నాయన, నలుగురమూ పొద్దున రైలెక్కి పోయాం. ఆమె యూనిఫారం వేసుకుని వచ్చింది. ఉతికి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసుకుంది. ఆఫీసరు ఊ అంటే మరుసటి రోజే బడికి పోవాలని. దారి పొడవునా నాతో ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. కిటికీలోంచి కొండ చూపించి, "కోటగోడ ఆడ ఉండాది చూడు మే" అంది.

అక్కడ ఆఫీసులో సారు మాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. చేతిలో కార్డుల కట్ట. నన్ను చూసి నవ్వాడు. ఎప్పుడూ క్లాసులో నవ్వే నవ్వే.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. నాయన చెప్పిందంతా విన్నాడు. సంతకం సంగతి కూడా రాసుకున్నాడు. "పిల్లకు వచ్చునంటే రేపే చేర్చుకోమని రాసిస్తాను. కానీ వీళ్ళు ఇది చూపిస్తున్నారు" అని ఆ కార్డుల్లోంచి ఒకటి తీసి పైకి చదివాడు.

"'వర్గ సమీకరణాలు రావు. గుర్తులు తారుమారు చేస్తుంది. చెప్పిన పది నిమిషాలకే మరిచిపోతుంది. శ్రేఢులు రావు. త్రికోణమితి మొదలుపెట్టలేదు. మొదలుపెట్టినా లాభం ఉంటుందని అనిపించడం లేదు.'"

ఆ చివరి వాక్యం ఎవరూ రాయమని అడగలేదు. బాగుంటుందని నేనే రాశాను. ఆమె నాయన తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. చదవడం రాకపోయినా వినడం వచ్చు కదా.

"ఈ రాత ఎవరిది?" అన్నాడు ఆఫీసరు.

"నాది సార్."

"ఎవరన్నా బలవంతంగా రాయించారా?"

సారు నావైపు చూస్తున్నాడు. "లేదు సార్" అన్నాను.

"మరి ఇందులో ఉన్నది అబద్ధమా?"

గదిలో అందరూ నా నోటి వైపే చూశారు. అబద్ధమే సార్, కోపంలో రాశాను అని ఒక్క మాట చెబితే చాలు. ఆమె మరుసటి రోజు బడిలో ఉంటుంది, మార్చిలో పరీక్ష రాస్తుంది. అది నాకు అప్పుడే తెలుసు, తర్వాత తెలిసిన సంగతి కాదు. కానీ నాయన పక్కనే ఉన్నాడు. అబద్ధం రాయదని పేరు పడ్డ పిల్లను నేను. ఆ పేరు పెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆఫీసరు చేతిలోని కార్డు మీద నా గుండ్రటి అక్షరాలనే చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు ఆమె ముందుకొచ్చింది. "అబద్ధం కాదు సార్. నిజమే రాసింది. నాకు రావు" అంది.

"నువ్వే రావని అంటే నేనేం చేసేదమ్మా?" అని ఆఫీసరు ఫైలు మూసేశాడు. సారు లేచి అందరికీ నమస్కారం పెట్టి బయటికి పోయాడు.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయాలి. ఆమె ఆ మాట అన్నప్పుడు నాకు ఊపిరి తిరిగొచ్చింది. దొంగరాత రాశానన్న మాట పడకుండా తప్పించుకున్నాను అనుకున్నాను. ఆమె బతుకు అక్కడ ఆ బల్ల మీద ముగిసిపోతుంటే నాకు అనిపించింది అది.

ఆ వారంలోనే ఆమెను ధర్మవరం తీసుకుపోయారు. పోయేముందు రోజు వాళ్ళింటికి వెళ్ళాను. రేకు పెట్టెలో బట్టలు సర్దుకుంటోంది. లెక్కల నోట్సు కూడా అందులో పెట్టుకోవడం చూశాను. అదెందుకని అడగలేదు. "జాబు రాయి మే. మీ నాయన పోస్టే కదా, నాకు బిరీన చేర్తాది" అని నవ్వింది. రాస్తానన్నాను. ఒక్క జాబూ రాయలేదు. పోస్ట్‌మ్యాన్ బిడ్డను, కార్డు ముక్క చేతిలోకి తీసుకుంటే చాలు చేయి ఆగిపోయేది.

మార్చిలో పరీక్షలు. మా బడికి అనుకున్నట్టే నూటికి నూరు శాతం వచ్చింది. దండలు, ఫొటోలు, సభ. సారును వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. జతల పద్ధతి గురించి ఆయన అరగంట మాట్లాడాడు. వెనుకబడిన పిల్లలను ఒక్కరినీ వదలకుండా చెయ్యి పట్టుకుని ఒడ్డుకు చేర్చామన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తీసేసిన పిల్లల ఇళ్ళవాళ్ళు ఒక్కరు కూడా ఆ సభకు రాలేదు. ఎవరు పిలిచారు గనక? తర్వాత నన్ను పిలిచి ఉత్తమ జత నాయకురాలని ఒక నిఘంటువు బహుమతి ఇచ్చాడు. ఆయన ముఖాన విసిరికొట్టి వచ్చానని రాయాలని ఉంది. కొట్టలేదు. రెండు చేతులతో తీసుకుని నమస్కారం పెట్టాను.

తర్వాత నేను చదువుకున్నాను, ట్రైనింగు అయ్యాను, గోరంట్లలో ఉద్యోగం వచ్చింది. ఎనభైల నడిమికి వచ్చేసరికి నేను కూడా ఒక టీచరమ్మను. ఒక ఎండాకాలం మా బడిలో ఒక టీచరు పట్టుచీర కొనాలని, తోడు రమ్మని ధర్మవరం తీసుకుపోయింది. ఆ టీచరు అంగట్లో చీరలు తీయిస్తుంటే నాకు కాలు నిలవలేదు. హిందూపురంలో పరుపులు కుట్టే ఆయన చెల్లెలి ఇల్లు ఎక్కడని అడుగుతూ, సందులు తిరిగి తిరిగి పట్టుకున్నాను.

తలుపు తీసే ఉంది. లోపల మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది ఆమె. మేనత్త కొడుకునే చేసుకుందట. ఒళ్ళు సన్నబడింది. నన్ను చూడగానే గుంతలోంచి ఒక్క ఉదుటున పైకి వచ్చి, "ఏం మే! యాడి నుంచి వస్తాండావు? టీచరమ్మ అయినావంటనే!" అని చేతులు పట్టుకుంది. చాప వేసి, చెంబుతో నీళ్ళిచ్చింది. ఆమె బిడ్డలు ఇద్దరు తలుపు దగ్గర నిలబడి నన్ను వింతగా చూశారు.

నేను ఎన్నో ఏళ్ళుగా మనసులో అనుకుంటున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. సారును తిట్టాను, పెద్ద టీచరమ్మను తిట్టాను. "ఆ కార్డులు నేను రాయకుండా ఉండాల్సింది. నన్ను క్షమించు" అని ఏడ్చాను. ఆమె కంగారుపడింది.

"ఊరుకో మే, బిడ్డలు చూస్తాండారు. నీ తప్పేముండాది అందులో? నేను చెప్పిందే కదా నువ్వు రాసినావు" అంది. తర్వాత తల వంచుకుని, చాప అంచు లాగుతూ, మెల్లగా అంది: "దసరా అయినాక నాకు చానా వరకు వచ్చేసినాయి. నీకు చెప్పలేదు నేను."

నాకు అర్థం కాలేదు. "ఏం వచ్చేసినాయి?"

"లెక్కలు. నువ్వు వచ్చేలోపల చేసుకుంటాంటి, నువ్వు వస్తానే చెరిపేస్తాంటి. వచ్చినాయని చెప్తే జత ఇడదీస్తారు కదా. నిన్ను ఇంకో పిల్ల దగ్గర కూచోబెడ్తారు, నేను బెల్లు కొడ్తానే ఇంటికి పోవల్ల. ఇంటికి పోతే దూది. దినమంతా మీద నేను నిమ్మళంగా కూచునేది ఆ ఒక్క గంటే." నవ్వబోయి ఆగింది. "పరీక్షలో ఎట్లాగూ రాస్తా కదా, అప్పుడు అందురికీ తెలుస్తాది అనుకుంటి. కార్డు చూసి తీసేస్తారని నాకేం తెలుసు?"

"మరి పెనుకొండలో?" అన్నాను. "ఆఫీసరు అడిగితే రావని ఎందుకు చెప్పినావు? వస్తాయని చెప్పింటే ఆడనే లెక్క ఇచ్చి చేయించేవాడు కదా! మరుసటి రోజు బడికి వచ్చేదానివి!"

"వస్తాయని చెప్తే నువ్వు దొంగరాతలు రాసినట్ల అయ్యేది కదా" అంది. "మీ నాయన ముందర, సారు ముందర. నువ్వు నిలబడుకున్న తీరు చూసి నాకు పానం ఒప్పలేదు."

సారు నన్ను మోసం చేశాడని అన్నేళ్ళు ఊరంతా చెప్పుకున్నాను. ఇదిగో, ఈమె కూడా నాతో అబద్ధం చెప్పింది, నా పక్కన ఒక గంట కూర్చోవడానికి. ఆ అబద్ధాన్నే కడదాకా మోసింది, నా పేరు చెడకుండా. ఆ క్షణంలో నేను ఆమె కాళ్ళ మీద పడాల్సింది. కనీసం దగ్గరికి తీసుకోవాల్సింది. కానీ నా నోటి నుంచి వచ్చిన మాట వేరే.

"అయితే నేను రాసినవన్నీ తప్పేనా? వర్గ సమీకరణాలు నీకు నిజంగా వస్తాంటివా?" అని అడిగాను.

బిడ్డతో నాకు కాఫీ తెమ్మని చెప్పి, ఆమె లేచి వెళ్ళి మగ్గం గుంతలోకి దిగి కూర్చుంది.